యుద్ధం మీద విసుగు వేరు, శాంతికి ఓటు వేరు

సంపాదకులకు,

అయ్యా,

ప్రజలు మెచ్చని యుద్ధాన్ని నెత్తికెత్తుకున్న ప్రభుత్వాన్ని అధ్యక్ష ఎన్నికలో ఓటర్లే ఇంటికి పంపించి శాంతిని తెచ్చుకుంటారనీ, వియత్నాం యుద్ధకాలంలో, 1968లో, అమెరికాలో జరిగింది అదేననీ మీ సంపాదకీయ పేజీలో ఇటీవల ఒక వ్యాసకర్త రాశారు. ప్రభుత్వాన్ని ఇంటికి పంపించిన మాట నిజమే. శాంతి వచ్చిన మాట మాత్రం నిజం కాదు. ఆ ఎన్నిక తరువాత కూడా అమెరికా సేనలు నాలుగేళ్లకు పైగా వియత్నాంలోనే ఉన్నాయి. ఆ యుద్ధంలో చనిపోయిన 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికుల్లో 20 వేల మందికి పైగా కొత్త అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ప్రమాణస్వీకారం చేసిన తరువాతే ప్రాణాలు కోల్పోయారు. వియత్నాం ప్రజల ప్రాణనష్టమైతే లక్షల్లో ఉంటుంది. ఇంత నెత్తుటి కాలాన్ని ఒక్క వాక్యంలో తేల్చివేయడం చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా రాజనీతి శాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. 1968 నాటికి హైస్కూలు విద్యార్థిని. అంతకు రెండేళ్ల ముందు, దేశంలో తిండిగింజలకు కటకటగా ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం బడిలో మాకు పెట్టిన ఉప్మా అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వతో చేసిందే. సత్తుగిన్నెలు పట్టుకొని వరుసలో నిలబడిన మాకు ఆ అమెరికాకూ ఎక్కడో ఉన్న వియత్నాంకూ మధ్య మన దేశం ఎలా నలుగుతున్నదో తెలియదు. పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద మనకు రావలసిన గోధుమ ఓడలను ఆ రోజుల్లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక్కసారిగా కాక, నెలకింత అని స్వయంగా లెక్క చూసి వదిలేవాడు. మన వ్యవసాయ విధానాన్ని మార్పించాలన్న పట్టుదలతో పాటు, అమెరికా బలపరచిన దక్షిణ వియత్నాంతో పోరాడుతున్న కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం మీద బాంబుదాడులు ఆపమని ఢిల్లీ పదేపదే అడగడం మీద కోపం కూడా అందుకు ఒక కారణం. 1954 జెనీవా ఒప్పందం తరువాత వియత్నాంలో ఏర్పడిన అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షత వహించినది భారతదేశమే కనుక, ఆ యుద్ధం గురించి మాట్లాడే హక్కు మనకు ఉన్నది. ఈ సంగతి అర్థమైనది కళాశాలకు వెళ్లాకే. ఆనాటి నుంచి ఆ ఎన్నిక గురించి దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

జాన్సన్ 1964లో 61 శాతం ఓట్లతో గెలిచినప్పుడు శాంతి అభ్యర్థిగానే గెలిచాడన్నది మొదట గుర్తు పెట్టుకోవలసిన విషయం. ఆసియా యువకులు చేసుకోవలసిన యుద్ధానికి తొమ్మిది, పదివేల మైళ్ల దూరం మన బిడ్డలను పంపబోమని ఆయన ఆ ప్రచారంలో సభాముఖంగా చెప్పాడు. ఏడాది తిరగకముందే పంపడం మొదలుపెట్టాడు. 1967 చివరికి అక్కడ ఉన్న అమెరికన్ సైనికులు 4 లక్షల 80 వేలు దాటారు. వియత్నాంకు సేనలను పంపడం పొరపాటని చెప్పినవారు 1965 ఆగస్టు గ్యాలప్ సర్వేలో సుమారు 24 శాతం. మూడేళ్ల తరువాత, 1968 ఆగస్టులో 53 శాతం. ఈ అంకెలు చూసి చాలామంది, దేశంలో సగం మందికి పైగా యుద్ధం ఆపమంటున్నారని అర్థం చేసుకుంటారు. ఆ పొరపాటు మీ వ్యాసకర్త కూడా చేశారు. పొరపాటు అన్నవారిలో ఆపేసి వచ్చేయమన్నవారూ ఉన్నారు. చేస్తే గట్టిగా చేయాలి గాని ఇలా నానబెట్టడమేమిటని మండిపడ్డవారూ ఉన్నారు. పాము చావాలి, కర్ర విరగకూడదు అనుకున్నవారు ఈ ఇద్దరికంటె ఎక్కువ.

ఇది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే జాన్సన్ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి అక్కడ జరిగిన ఓటింగులో, స్పష్టంగా కనిపిస్తుంది. 1967 నవంబరులో, వియత్నాంలో అమెరికా సేనాధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ వాషింగ్టన్ వచ్చి యుద్ధం ముగింపు కనుచూపు మేరలో ఉన్నదన్న ధీమా కలిగించి వెళ్లాడు. మూడు నెలలు గడవకముందే, 1968 జనవరి చివర, వాళ్ల కొత్త సంవత్సరం పండుగ టెట్ నాడు దక్షిణ వియత్నాంలో వందకు పైగా పట్టణాల మీద కమ్యూనిస్టు సేనలు ఒకేసారి దాడి చేశాయి. సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే గెరిల్లాలు చొరబడ్డారు. సైనికంగా చూస్తే ఆ దాడిలో ఎక్కువ నష్టపోయినది దాడి చేసినవారే. కాని ప్రభుత్వం ఇన్నాళ్లూ చెప్పిన మాట మీద నమ్మకం పోయింది. మరో 2 లక్షల 6 వేల మంది సైనికులను పంపమని సైన్యం కోరుతున్నదన్న వార్త మార్చి 10న పత్రికకెక్కింది. మార్చి 12న ప్రైమరీ. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ సొంత పార్టీలోనే జాన్సన్ మీద పోటీకి దిగిన మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెకార్తీ కోసం కళాశాల విద్యార్థులు గడ్డాలు గీసుకొని, జుట్టు కత్తిరించుకొని, మంచులో ఇల్లిల్లూ తిరిగారు. ఆయనకు సుమారు 42 శాతం, బ్యాలెట్ మీద పేరే లేకుండా అభిమానులు చేతితో రాసిన జాన్సన్‌కు 49 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచినది జాన్సన్ అయినా, ఓడిపోయినట్లే లోకం చెప్పుకొన్నది. నాలుగు రోజుల తరువాత సెనేటర్ రాబర్ట్ కెనడీ కూడా బరిలోకి దిగాడు.

అయితే ఆ 42 శాతం మంది ఎవరు? ఆ ఎన్నికను తరువాత పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్తలకు తేలినదేమిటంటే, న్యూ హాంప్‌షైర్‌లో మెకార్తీకి ఓటు వేసినవారిలో జాన్సన్ యుద్ధాన్ని మరీ కఠినంగా చేస్తున్నాడని అలిగినవారి కంటె, మరీ మెత్తగా చేస్తున్నాడని అలిగినవారే ఎక్కువ. దాదాపు మూడుకు రెండు నిష్పత్తిలో. శాంతి కోరే అభ్యర్థి పెట్టెలో యుద్ధం పెంచమనేవారి ఓట్లు పడ్డాయన్నమాట. తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి, "మెకార్తీ ఏమంటున్నాడో వాళ్లకు తెలియదా మాస్టారూ?" అని అడిగేవాడు. చాలామందికి తెలియదు. తెలిసినది ఒక్కటే: ఈయన జాన్సన్ కాదు. మెచ్చని యుద్ధం వల్ల ఎన్నికలో మొట్టమొదట జరిగేది పదవిలో ఉన్నవాడి పీఠం కదలడమే. ఆ కదిలించిన చేతులన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయని అనుకోకూడదు.

మార్చి 31వ తేదీ ఉదయం వైట్‌హౌస్‌లో జరిగిన ఒక చిన్న సంఘటన నా మనసులో ఎప్పుడూ మెదులుతుంటుంది. జాన్సన్ పెద్ద కూతురు లిండా, వియత్నాం వెళుతున్న భర్తను కాలిఫోర్నియాలో సాగనంపి, రాత్రంతా విమానంలో ప్రయాణం చేసి తెల్లవారేసరికి పుట్టింటికి చేరింది. అల్లుడు మెరైన్ కెప్టెన్. ఆమె గర్భవతి. మా ఆయన అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందని తండ్రినే అడిగింది. దేశంలో వేలాది ఇళ్లలో అడుగుతున్న ప్రశ్న అధ్యక్షుడి సొంత ఇంట్లో కూతురి నోట వచ్చింది. ఆ తండ్రి కొద్ది వారాల ముందే కే సాన్ అనే స్థావరం నమూనాను ఇసుకతో తన భవనంలోనే చేయించుకొని, ముట్టడిలో ఉన్న తన సైనికుల పరిస్థితి అర్ధరాత్రి లేచి చూసుకొనేవాడు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు టెలివిజన్‌లో మాట్లాడుతూ, ఉత్తర వియత్నాంలో ఎక్కువ భాగం మీద బాంబుదాడులు ఆపుతున్నాననీ, మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయననీ చెప్పేశాడు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే మీ వ్యాసకర్త మాటే నిజమయ్యేది. కాని పీఠం దిగినది మనిషే గాని యుద్ధం కాదు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ కెనడీని కాల్చి చంపారు. డెమోక్రాట్ల అభ్యర్థిత్వం ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి దక్కింది. ఆనాటి నియమాల ప్రకారం ఎక్కువ రాష్ట్రాల్లో ప్రతినిధులను ఎంపిక చేసేది ఓటర్లు కాక పార్టీ పెద్దలు. ఆగస్టు చివర షికాగో మహాసభలో, బాంబుదాడులు బేషరతుగా ఆపాలన్న తీర్మానం 1,041 ఓట్లు తెచ్చుకొని, 1,567 ఓట్లు తెచ్చుకొన్న ప్రభుత్వ తీర్మానం చేతిలో వీగిపోయింది. ఓడినవారు చేతులకు నల్లపట్టీలు కట్టుకొన్నారు. ఆ రాత్రి మిషిగన్ అవెన్యూలో హిల్టన్ హోటల్ ముందు నిరసనకారులను పోలీసులు లాఠీలతో చితకబాదుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. ఒక పార్టీ తనను తాను నడివీధిలో కొట్టుకోవడమంటే అదే. తన యుద్ధం ఎదుటి పార్టీకి ఎంత ఉపయోగపడుతుందో అంతకంటె ఎక్కువగా తన ఇంటినే చీలుస్తుందని చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు తెలియదు.

హంఫ్రీ పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ప్రభుత్వాన్ని సమర్థిస్తే యువకులు సభల్లో మాట్లాడనివ్వరు. వ్యతిరేకిస్తే జాన్సన్ ఊరుకోడు. సెప్టెంబరు చివర గ్యాలప్ సర్వేలో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు 43 శాతం ఉంటే హంఫ్రీకి 28 శాతమే. సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీ నుంచి టీవీలో మాట్లాడినప్పుడు, ప్రసంగవేదిక మీద ఉపాధ్యక్షుడి అధికార ముద్ర లేకుండా చూసుకొన్నాడు. అంటే ఈ మాట ప్రభుత్వానిది కాదు, నాది అని చెప్పడం. శాంతి కోసం ఆ మాత్రం సాహసం చేయవచ్చుననీ, బాంబుదాడులు ఆపుతాననీ అన్నాడు. షరతులు కూడా పెట్టాడు. నిజానికి అది జాన్సన్ మాటకు మరీ దూరమేమీ కాదు. అయినా ఆ అంగుళం జరిగినందుకే విరాళాలు రావడం మొదలైంది, సభల్లో కేకలు తగ్గాయి, వెళ్లిపోయిన సొంత ఓటర్లు మెల్లగా తిరిగి వచ్చారు. ఎన్నికల చివరి వారానికి ఇద్దరూ దాదాపు సమానమయ్యారు. ఆ అంగుళం నెల ముందు, షికాగోలోనే జరిగి ఉంటే ఏమై ఉండేదో అన్న బాధ ఈనాటికీ కలుగుతుంది.

ఇక రిచర్డ్ నిక్సన్. మీ వ్యాసకర్త "యుద్ధం ముగించడానికి నా దగ్గర రహస్య ప్రణాళిక ఉంది" అన్న మాటను ఆయన నోట పెట్టి, ఉటంకింపు గుర్తుల మధ్య వేశారు. ఆ మాట నిక్సన్ అన్నది కాదు. విలేకరుల రాతల్లో పుట్టి ఆయనకు అంటుకొన్నది. ఆయన అన్నది, కొత్త నాయకత్వం యుద్ధాన్ని ముగిస్తుందనీ, శాంతిని గెలుస్తుందనీ మాత్రమే. ఆ వాక్యం కట్టిన తీరు చూడండి. ఆపమనేవారికి "ముగిస్తుంది" అన్న మాట వినిపిస్తుంది. పట్టు విడవవద్దనేవారికి "గెలుస్తుంది" అన్న మాట వినిపిస్తుంది. ఎలా అన్న ప్రశ్నకు ఏడాది పొడుగునా జవాబు లేదు. మార్చి 31 తరువాత, శాంతి చర్చలకు భంగం కలుగుతుంది కాబట్టి వియత్నాం గురించి ఇక మాట్లాడబోనని మౌనం పట్టాడు. ఇద్దరు అభ్యర్థుల వైఖరుల్లో తేడా ఏమిటో ఓటర్లు గట్టిగా చెప్పలేకపోయారని తరువాత అధ్యయనాల్లో తేలింది. తప్పు ఓటరుది కాదు. దేశాన్ని దహిస్తున్న అతిపెద్ద ప్రశ్న మీద ఎంచుకోవడానికి రెండు జవాబులు అతని ముందు పెట్టినవారు లేరు. ఇంకో వైపు మూడో అభ్యర్థి జార్జి వాలెస్ తెచ్చుకొన్న ఉపాధ్యక్ష అభ్యర్థి, మాజీ వాయుసేనాధిపతి కర్టిస్ లీమే, అణ్వాయుధాలంటే జనానికి అనవసరమైన భయమని విలేకరుల ముందే చెప్పాడు.

అక్టోబరు 31న జాన్సన్ బాంబుదాడులు పూర్తిగా ఆపినట్లు ప్రకటించాడు. రెండు రోజులకు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ తాను పారిస్‌లో జరిగే శాంతి చర్చలకు రానన్నాడు. అన్నా షెనాల్ట్ అనే మధ్యవర్తి ద్వారా నిక్సన్ బృందం, తొందరపడవద్దని థియూకు కబురు పంపిన సంగతి జాన్సన్‌కు అప్పుడే తెలుసు. ఇది ద్రోహమని సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు డర్క్‌సెన్‌తో ఫోనులో అన్నాడు కూడా. నిక్సన్ తనకేమీ తెలియదన్నాడు. ఆయన సహాయకుడు హాల్డెమన్ రాసుకొన్న కాగితాలు దాదాపు అర్ధశతాబ్దం తరువాత వెలుగులోకి వచ్చాక, ఆదేశం ఆయనదేనని తెలిసింది. కబురు అందకపోయినా థియూ మొండికేసి ఉండేవాడేమో, కాదనలేము. కాని చర్చల బల్ల దగ్గరి కుర్చీలు పోలింగు తేదీని బట్టి నిండడం, ఖాళీ కావడం జరుగుతుంటే, అక్కడ పొలాల మధ్య కందకాల్లో ఉన్న మనిషి ప్రాణానికి ఎవరు పూచీ?

నవంబరు 5న ఫలితం: నిక్సన్ 43.4 శాతం, హంఫ్రీ 42.7, వాలెస్ 13.5. ఏడు కోట్ల ముప్పై లక్షల ఓట్లలో మొదటి ఇద్దరి తేడా సుమారు 5 లక్షలు. గెలుపును చివరకు తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు 301, 191, 46. ఆ ఏడాది ఓటర్లను కదిలించినది వియత్నాం ఒక్కటే కాదు. నగరాల్లో అల్లర్లు, జాతి విద్వేషం, పెరిగిన ధరలు, యుద్ధ ఖర్చు కోసం జూన్‌లో వేసిన పది శాతం అదనపు పన్ను, అన్నీ కలిసినాయి. వాటిలో సగం ఆ యుద్ధం తెచ్చిపెట్టినవే.

శాంతికి ఓటు పడిందా అన్నదానికి అసలు జవాబు 1972లో ఉంది. ఆ ఏడాది డెమోక్రాట్లు నిజమైన శాంతి అభ్యర్థినే నిలబెట్టారు. జార్జి మెక్‌గవర్న్ దాపరికం లేకుండా, సేనలను వెనక్కు తెస్తానన్నాడు. షికాగో అనుభవం తరువాత పార్టీ నియమాలు మార్చిన సంఘానికి మొదట నాయకత్వం వహించినదీ ఆయనే. ఇవాళ అమెరికాలో అభ్యర్థిని పెద్దలు గదిలో కూర్చొని కాక ప్రైమరీల్లో ఓటర్లు తేలుస్తున్నారంటే, ఆ మెచ్చని యుద్ధం మిగిల్చిన మంచి అదొక్కటే అంటాను. కాని ఆ ఎన్నికలో యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిదింట మెక్‌గవర్న్ ఓడిపోయాడు. ఎందుకంటే నాలుగేళ్లలో నిక్సన్ యుద్ధాన్ని ఆపకుండానే, అమెరికన్ ఇంటి గడప మీది నుంచి దాన్ని తప్పించాడు. 5 లక్షల 43 వేలకు చేరిన సేన 24 వేలకు తగ్గింది. నిర్బంధ సైనిక సేవకు ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న గాజు పాత్రలో 366 నీలి గొట్టాలు పోసి, ఒక్కో పుట్టినతేదీని లాటరీలో తీశారు. మొదట వచ్చినది సెప్టెంబరు 14. పెద్ద అంకె వచ్చిన కుర్రవాడి తల్లి ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. నేలమీద సేన తగ్గినా ఆకాశం నుంచి బాంబులు ఆగలేదు. ఎన్నికకు పన్నెండు రోజుల ముందు నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ శాంతి చేతికందే దూరంలో ఉందన్నాడు. ఎన్నిక అయిన నెలన్నరకు క్రిస్మస్ రోజుల్లో ఉత్తర వియత్నాం రాజధాని హనోయి మీద భారీ దాడులు జరిగాయి. ఒప్పందం మీద సంతకాలు 1973 జనవరి 27న. సొంత బిడ్డ పోవడం లేదంటే యుద్ధం మీద విసుగు కూడా చల్లారుతుందన్న ఈ సత్యం నాకు చేదుగానే ఉంటుంది, కాని ఓట్ల లెక్క అదే చెబుతున్నది.

నా వాదనకు ఎదురు నిలిచేది 1952 ఒక్కటి. కొరియా యుద్ధం వల్ల అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ కూడా న్యూ హాంప్‌షైర్‌లో ఓడి తప్పుకొన్నాడు. కొరియా వెళతానన్న ఐసెన్‌హోవర్ గెలిచాడు, వెళ్లాడు, 1953 జూలైలో యుద్ధ విరమణ జరిగింది. అయితే ఆయన రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసేనలను నడిపించిన జనరల్. రాజీకి ఒప్పుకొన్నా పిరికివాడని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ వెసులుబాటు అందరికీ ఉండదు. 2004లో ఇరాక్ యుద్ధం సంగతి వేరు. అప్పటికి విసుగు పండలేదు, నిర్బంధ సైనిక సేవ లేదు, ఎదుటి అభ్యర్థి కెర్రీ కూడా సెనేట్‌లో ఆ యుద్ధానికి అనుమతిస్తూ ఓటు వేసినవాడే. బుష్ మళ్లీ గెలిచాడు.

దూరదేశపు పాత ఎన్నిక గురించి తెలుగు పాఠకుడికి ఇంత చెప్పడం దేనికని అడగవచ్చు. వియత్నాంకు సేనలను పంపిన 1965లోనే, అదే జాన్సన్, అక్టోబరు 3న స్వాతంత్ర్య దేవత విగ్రహం పాదాల దగ్గర కూర్చొని వలస చట్టం మీద సంతకం చేశాడు. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఆ దేశం తలుపులు తెరుచుకొన్నది దానితోనే. శాశ్వత నివాసం మీద వెళ్లిన యువకులు ఆనాటి డ్రాఫ్టు (నిర్బంధ సైనిక సేవ) చట్టానికి లోబడినవారే. ఇప్పుడు ఆ కుటుంబాల్లో మూడో తరం ఓటు వేస్తున్నది. మా అన్నగారి మనవడు టెక్సాస్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన నెలలోనే రెండు కాగితాలు నింపాడు: ఒకటి ఓటరు నమోదు, రెండోది సైనిక సేవకు పేరు నమోదు. రెండోదాన్ని చూసి, "తాతయ్యా, ఇది దేనికి?" అని నాకు ఫోన్ చేశాడు. గాజు పాత్రలో నీలి గొట్టాల సంగతి వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి వాళ్లు ఎవరికి ఓటు వేశారు?" అని అడిగాడు. ఓటు వయసు అప్పుడు ఇరవై ఒకటి అనీ, లాటరీలో పేరు వచ్చిన కుర్రవాళ్లలో చాలామందికి ఓటే లేదనీ, దాన్ని పద్దెనిమిదికి దించినది 1971లోననీ చెప్పాను.

మీకు నా విన్నపాలు రెండు. ఎన్నికల వేళ యుద్ధం గురించి ఏ దేశపు అభ్యర్థి మాటను ప్రచురించినా, సేనలు ఎప్పుడు, ఏ షరతుల మీద వెనక్కు వస్తాయని ఆయన చెప్పాడో, చెప్పకపోతే చెప్పలేదనే సంగతినో పక్కనే వేయండి. రెండోది, నిక్సన్ పేరు మీద అచ్చయిన ఆ రహస్య ప్రణాళిక వాక్యానికి సవరణ ప్రచురించండి. మా వీధి గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే పిల్లలు మీ సంపాదకీయ పేజీని కత్తిరించి నోట్సులో అంటించుకొంటున్నారు. ఆ వ్యాసం అప్పుడే ముగ్గురి పుస్తకాల్లో చూశాను.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి